బెంగళూరు నడిబొడ్డున సర్వీస్ అపార్ట్‌మెంట్: అనంతపురం నుంచి వెళ్ళేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే పనైతే ఈ వ్యాసంతో మీకు అవసరం లేదు. ఆపరేషన్ తర్వాత పదిహేను రోజులు ఊళ్ళోనే ఉండమన్నారు, రేడియేషన్ ఆరు వారాలన్నారు, పాపకు ఇంటర్న్‌షిప్ వచ్చింది, హాస్టల్ కుదిరేదాకా ఎక్కడుండాలి? ఇలాంటి ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి. వాటన్నిటికీ కలిపి ఈ జవాబు.

సర్వీస్ అపార్ట్‌మెంట్ అంటే మంచాలు, వంటిల్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇంటర్నెట్ అన్నీ సిద్ధంగా ఉన్న ఫ్లాట్. రోజుల లెక్కనో, వారాల లెక్కనో, నెల లెక్కనో ఇస్తారు. ఊడ్చి తుడిచే మనిషి వాళ్ళ తరఫునే వస్తారు. మిగతాది మీ ఇల్లే.

## 1. ముందు ఇది మీకు అవసరమా తేల్చుకోండి

మూడు రోజుల లోపు పనికి మంచి లాడ్జి చాలు. వంటిల్లు ఉన్నా వాడుకునే తీరిక ఉండదు. ఒక్కరే ఉండేట్టయితే పీజీ చౌక. నాలుగైదు రోజుల నుంచి రెండు మూడు నెలల దాకా, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండాలంటే అప్పుడే దీనికి పెట్టే డబ్బుకు అర్థం ఉంటుంది.

అంతకంటే ఎక్కువ కాలమైతే అద్దె ఇల్లు చూసుకోవచ్చు. కానీ బెంగళూరులో ఇంటి ఓనర్లు చాలా నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. పైగా గ్యాస్, మంచం, బకెట్ దగ్గర్నుంచి అన్నీ మీరే సమకూర్చుకోవాలి. మూడు నెలల పనికి అంత బరువు ఎత్తుకోవద్దు.

## 2. మీ ‘సెంటర్’ ఏదో మీరే గుర్తించండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ‘సిటీ సెంటర్’ అని రాసుంటే చాలు, ఎం.జి. రోడ్డో రిచ్‌మండ్ టౌనో చూసి బుక్ చేస్తారు. మీరు రోజూ వెళ్ళాల్సిన చోటే మీ సెంటర్. మ్యాపులో ఊరి మధ్యన ఉన్నంత మాత్రాన ఉపయోగం లేదు.

ఉదాహరణకు బొమ్మసంద్ర వైపు హాస్పిటల్లో చికిత్స అనుకోండి. ఎం.జి. రోడ్డులో బస పెట్టుకుంటే మెట్రోలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారాలి, ఆర్.వి. రోడ్‌లో ఎల్లో లైన్‌కు మారి చివరి స్టేషన్ దాకా పోవాలి. రెండు మార్పులు, మెట్లు, జనం. ఒంట్లో బాగాలేని మనిషితో రోజూ అయ్యే పని కాదు. అదే ఎల్లో లైన్ వెంబడి ఏ స్టేషన్ పక్కనో బస పెట్టుకుంటే ఒక్క రైలుతో పోతుంది. ఆ లైన్ 2025 ఆగస్టులో మొదలైంది కాబట్టి పాత సలహాలు ఇచ్చే బంధువులకు అది తట్టకపోవచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే చోట్లకు నా లెక్క ఇది:

- కిద్వాయి (క్యాన్సర్ ఆసుపత్రి), నిమ్హాన్స్ (మెదడు, నరాలు, మానసిక వైద్యం): రెండూ హోసూరు రోడ్డులో, డెయిరీ సర్కిల్ చుట్టుపక్కలే. విల్సన్ గార్డెన్, లక్కసంద్ర, జయనగర్ వైపు చూడండి.
- జయదేవ గుండె ఆసుపత్రి: బన్నేరుఘట్ట రోడ్డు. ఎల్లో లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. జయనగర్, బి.టి.ఎం. లేఅవుట్ దగ్గర.
- వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రి: పర్పుల్ లైన్‌లో దాని పేరుతోనే స్టేషన్. ఇందిరానగర్‌లో ఉన్నా ఒకే రైలు.
- ఆఫీసు పని, కోర్టు, ప్రభుత్వ కార్యాలయాలు, చిక్కపేట పెళ్ళి బట్టలు: ఇలా రోజుకో చోట తిరిగే పనైతే నిజంగానే ఊరి మధ్యన దిగండి. వసంతనగర్, కన్నింగ్‌హాం రోడ్డు, ఎం.జి. రోడ్డు, హలసూరు బాగుంటాయి.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవొద్దు. మీరు బయల్దేరే సమయానికే, పని రోజున, ఫోన్లో మ్యాపు తెరిచి ఎంతసేపు పడుతుందో చూడండి. ఆదివారం పొద్దున పావుగంట చూపించిన దారి సోమవారం తొమ్మిదింటికి గంట అవుతుంది.

రోగి ఉంటే ఆసుపత్రికి మెట్రో మాట పక్కనపెట్టి, ఆటోలో ఇరవై నిమిషాల లోపల ఉండే చోటు వెతకండి. అర్ధరాత్రి అవసరమొస్తే ఆ ఇరవై నిమిషాలే లెక్కకొస్తాయి.

## 3. ఫోన్ చేసి అడగాల్సినవి

ఫోటోలు చూసి మురిసిపోవద్దు. సోఫా రంగు ఎలా ఉన్నా పర్లేదు. ఫోన్ చేసి కింద చెప్పినవి అడగండి, తర్వాత వాట్సాప్‌లో ‘మీరు చెప్పింది ఇదే కదా’ అని రాసి పంపి, అవునన్న జవాబు తీసుకోండి.

వంటిల్లు. గ్యాస్ పొయ్యా, ఇండక్షనా? చాలా చోట్ల ఇండక్షనే. మన ఇళ్ళలోని అల్యూమినియం కుక్కర్, సంగటి గిన్నె దాని మీద పని చేయవు. గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే పని చేస్తుంది, లేకపోతే లేదు. ఇనుప పెనం నడుస్తుంది కాబట్టి జొన్నరొట్టెకు ఇబ్బంది లేదు, కాకపోతే మంట మీద కాల్చి పొంగించడం కుదరదు. మిక్సీ ఉందా, కుక్కర్ ఉందా, ఉంటే ఎన్ని లీటర్లది అని అడగండి. ‘ఫుల్లీ ఈక్విప్డ్ కిచెన్’ అన్న మాటకు ఒక కెటిలూ రెండు కప్పులూ అని అర్థం చెప్పే ఓనర్లు ఉన్నారు. కోడికూర వండుకోనిస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి, కొందరు మాంసాహారం వండనివ్వరు.

లిఫ్టు. ఉందా అని అడిగితే చాలదు. కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా అని అడగండి. వీల్‌చెయిర్ పడుతుందా? లిఫ్టుకు ముందు మెట్లున్నాయా? నాలుగు మెట్లెక్కితే గానీ లిఫ్టు రాని భవనాలు బోలెడు.

బాత్రూం. వెస్టర్న్ కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, గుమ్మం దగ్గర ఎత్తు, నేల జారుడు, ఈ నాలుగింటికీ ఫోటో అడగండి. వేడినీళ్ళు గీజరా, సోలారా? సోలార్ ఒక్కటే అయితే వానాకాలం మబ్బు రోజుల్లో చన్నీళ్ళే.

నీళ్ళు. కావేరి నీళ్ళా, బోరా, ట్యాంకరా? 2024 వేసవిలో బెంగళూరు నీళ్ళకు ఎంత అల్లాడిందో అందరికీ తెలుసు. మార్చి నుంచి మే మధ్య వెళ్ళేట్టయితే ‘రోజంతా నీళ్ళు వస్తాయా, వేళలు ఉన్నాయా’ అని అడగకుండా డబ్బు కట్టొద్దు. తాగడానికి ఫిల్టర్ ఉందా, క్యాన్లు కొనుక్కోవాలా అన్నది ఇంకొకటి.

మిగతావి చకచకా అడిగేయొచ్చు:

- ఎంతమందిని ఉండనిస్తారు? అదనపు మనిషికి ఎంత?
- చూడ్డానికి వచ్చేవాళ్ళను పైకి రానిస్తారా? ఏ వేళ దాకా?
- ఊడ్చి తుడవడం రోజూనా? దుప్పట్లు ఎన్నాళ్ళకోసారి మారుస్తారు? గిన్నెలు కడుగుతారా? (సాధారణంగా కడగరు.)
- కారుకు చోటు ఫ్రీనా? బేస్‌మెంటులోకి పెద్ద బండి దిగుతుందా?
- పడకగది రోడ్డు వైపా, లోపలి వైపా?
- రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ మనిషి భవనంలోనే ఉంటాడా?

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన ఊళ్ళో ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే తుఫాన్ బండిలో పదిమంది దిగుతారు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో ఒక్కొక్కరి పేరూ నమోదు చేయించేసరికి తెచ్చిన సీతాఫలాలు మెత్తబడతాయి.

## 4. డబ్బు లెక్క రాసి పెట్టుకోండి

రోజుకు ఎంత అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోవద్దు. ఒకరోజు రేటు, వారం రేటు, పదిహేను రోజుల రేటు, నెల రేటు నాలుగూ వేరువేరుగా అడగండి. రోజులు పెరిగేకొద్దీ రోజు ధర తగ్గాలి.

జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ. 7,500 దాకా ఉన్న బసకు 5 శాతం, అది దాటితే 18 శాతం. రోజుకు రూ. 4,000 అన్నారంటే చేతి నుంచి పోయేది రూ. 4,200. రెండు పడకగదుల ఫ్లాటుకు రూ. 8,000 చెప్పారనుకోండి, పన్నుతో రూ. 9,440 అవుతుంది. అదే ఓనరును ఒప్పించి రూ. 7,500కు దింపితే పన్నుతో రూ. 7,875. ఐదు వందల బేరానికి మీకు మిగిలేది రోజుకు రూ. 1,565. ఈ లెక్క చూపించి అడగండి, ఓనరు ఒప్పుకునే అవకాశం ఉంది.

ముందే వెళ్ళిపోతే. ఆసుపత్రి పని మన చేతిలో ఉండదు. నెలకని మాట్లాడుకుంటాం, పద్దెనిమిదో రోజున డాక్టరు ఇంటికి పోవచ్చంటారు. నెల రేటు రోజుకు రూ. 2,200, పదిహేను రోజుల రేటు రోజుకు రూ. 2,600 అనుకుందాం. పద్దెనిమిది రోజులకు నెల రేటే వేస్తే రూ. 39,600. పదిహేను రోజుల రేటు వేస్తే రూ. 46,800. ‘నెలకు ఒప్పుకున్నారు కదా’ అని మొత్తం పట్టుకుంటే రూ. 66,000. ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో ముందే రాయించుకోండి. మధ్యదానికి ఒప్పుకోవడం న్యాయమే. మూడోదానికి ఒప్పుకోవద్దు.

నా సలహా, మొదట వారానికే బుక్ చేయండి. ‘పొడిగిస్తే మొదటి రోజు నుంచీ నెల రేటే వేయాలి’ అని అడగండి. ఖాళీలు ఉన్న సమయంలో ఇది కుదురుతుంది.

అదనాలు. నెల బసకు కొందరు కరెంటు బిల్లు వేరుగా వేస్తారు. యూనిట్‌కు ఎంతో అడగండి, మీటరు ఎక్కడుందో చూపించమనండి. డిపాజిట్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది, దేనికి కోస్తారు అన్నది కూడా రాతలో ఉండాలి.

అనంతపురంలో రిజిస్టరైన కంపెనీ పేరు మీద బిల్లు తీసుకునేవాళ్ళకు ఒక మాట. బస ఉన్న రాష్ట్రం కర్ణాటక కాబట్టి అక్కడి పన్నే పడుతుంది, ఇక్కడ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేరు. ఖర్చులోనే రాసేయండి.

## 5. బుకింగ్, అడ్వాన్సు

తక్కువ రేటు, అందమైన ఫోటోలు, ‘ఇంకొకరు కూడా అడుగుతున్నారు, వెంటనే క్యూఆర్‌కు కొట్టండి’ అన్న తొందర. ఈ మూడూ కలిస్తే ఆగిపోండి.

1. భవనం పేరు, పూర్తి అడ్రసు తీసుకుని మ్యాపులో చూడండి. అక్కడ నిజంగా ఆ పేరుతో భవనం ఉందా?
2. వీడియో కాల్ చేసి గేటు నుంచి గది దాకా నడిచి చూపించమనండి. రికార్డు చేసిన వీడియో పనికిరాదు.
3. బెంగళూరులో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఒకసారి పోయి చూసి రమ్మనండి.
4. వ్యక్తి పేరున్న ఖాతాకు కాకుండా, బిల్లు ఇచ్చే సంస్థ ఖాతాకే పంపండి. ఒక రోజు అద్దెకు మించి ముందే కట్టొద్దు.
5. క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి వస్తుందో ఆ మెసేజ్‌లోనే రాయించుకోండి.

మోసపోయారని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందే చేస్తే ఆపడానికి వీలుంటుంది.

## 6. ఏం తీసుకెళ్ళాలి

అక్కడ దొరకనిది ఏదీ లేదు. రాగిపిండి, జొన్నపిండి కూడా దొరుకుతాయి. అయినా ఇవి సంచిలో ఉంటే మొదటి రెండు రోజులు హాయిగా గడుస్తాయి.

- పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులు. ఆధార్ ఇవ్వాల్సొస్తే మాస్క్‌డ్ ఆధార్ ముద్రించుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి
- డాక్టరు కాగితాలు, మందులు, చిన్న టార్చి
- పొడవైన ఎక్స్‌టెన్షన్ వైరు
- రెండు పాత దుప్పట్లు (కట్ల మీది మందు, పసుపు మరకలు వాళ్ళ తెల్ల దుప్పట్ల మీద పడితే డిపాజిట్‌లో కోత)
- ఇండక్షన్‌కు పనికొచ్చే కుక్కర్, సంగటి కట్టె, మంచి కత్తి
- చెనిక్కాయల పొడి, ఊరగాయ, చింతపండు, కారం

## 7. చేరే రోజు

గది ఇచ్చే వేళ సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు లేదా రెండు. తెల్లవారుజామున రైలు దిగి రోగిని లాబీలో కూర్చోబెట్టుకుని ఆరు గంటలు ఎదురుచూడటం కంటే నరకం లేదు. పొద్దున్నే దిగేట్టయితే ‘ఎర్లీ చెక్ ఇన్’ ముందే మాట్లాడుకోండి, అవసరమైతే అదనంగా కట్టండి.

కాచిగూడ-యశ్వంతపూర్ వందే భారత్ అనంతపురంలో ఆగుతుంది, మధ్యాహ్నానికి యశ్వంతపూర్ చేరుస్తుంది. గది వేళకు సరిగ్గా సరిపోతుంది. వారంలో ఒక రోజు నడవదు, చూసుకోండి. యశ్వంతపూర్ స్టేషన్ పక్కనే గ్రీన్ లైన్ మెట్రో ఉంది. మిగతా రైళ్ళలో మెజెస్టిక్ దాకా పోయేవాళ్ళు కె.ఎస్.ఆర్. స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి మెట్రో ఎక్కొచ్చు. ఆర్టీసీ బస్సులో, కారులో వచ్చేవాళ్ళు హెబ్బాళ దగ్గర చిక్కుకుంటారు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య అక్కడికి చేరకుండా బయల్దేరండి.

## 8. మొదటి గంట

సంచులు విప్పకముందే ఈ పని పూర్తి చేయండి. రెండో రోజు చెబితే ‘మీరే పాడు చేశారు’ అంటారు.

- ఫోన్లో వీడియో తీస్తూ అన్ని గదులూ తిరగండి. గీతలు, పగుళ్ళు, మరకలు దగ్గరగా తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి
- కరెంటు మీటరు అంకె ఫోటో
- అన్ని కుళాయిలు, ఫ్లష్, గీజర్, పొయ్యి, ఏసీ ఒకసారి నడిపి చూడండి
- తలుపు గడియ లోపలి నుంచి గట్టిగా పడుతుందా?
- మంటలు వస్తే దిగే మెట్లు ఎటు? ఒకసారి దిగి చూడండి, కొన్నిచోట్ల తలుపుకు తాళం వేసి ఉంటుంది
- పడకగదిలో, బాత్రూంలో అనుమానంగా ఉన్న స్మోక్ డిటెక్టర్, అడాప్టర్, గడియారం వైపు టార్చి వేసి, లోపల కెమెరా దాచారేమో చూడండి

ఇంకొకటి. కీ కార్డు గుచ్చితేనే కరెంటు వచ్చే ఫ్లాట్లు ఉంటాయి. కార్డు తీసుకుని బయటికి పోతే కొన్నిచోట్ల ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. ఇన్సులిన్ పెట్టుకునేవాళ్ళు కార్డు తీసి, ఫ్రిజ్ తలుపు తెరిచి లైటు వెలుగుతోందో లేదో చూడండి. ఆగిపోతే రెండో కార్డు అడిగి అక్కడే ఉంచేయండి.

## 9. ఉన్నన్నాళ్ళూ

చెత్త తడిది, పొడిది వేరుగా ఇవ్వాలి. డయాపర్లు, కట్లు వేరుగా కాగితంలో చుట్టాలి. కలిపి ఇస్తే తీసుకోరు, అసోసియేషన్ జరిమానా ఓనరు మీద వేస్తే ఆయన మీ మీద వేస్తాడు.

వారానికోసారి అప్పటిదాకా కట్టింది, కట్టాల్సింది మెసేజ్ రూపంలో రాసి పంపండి. పొడిగించాలంటే ఆఖరి రోజు దాకా ఆగకుండా మూడు రోజుల ముందే చెప్పండి. ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు చుట్టుపక్కల ఉంటే డిసెంబర్ 31 రాత్రి బండ్లు తిరగనివ్వరు. ఆ రోజు ఆసుపత్రి పని ఉంటే పొద్దున్నే ముగించుకోండి.

అంబులెన్సు 108, ఏ అత్యవసరానికైనా 112. కర్ణాటకలోనూ ఇవే నంబర్లు. తలుపు వెనక భవనం పూర్తి అడ్రసు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. అమ్మనో నాన్ననో ఒంటరిగా ఉంచి బయటికి పోయినప్పుడు, ఫోన్లో అడ్రసు చెప్పడానికి వాళ్ళకు అదే ఆధారం.

## 10. తరచూ వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

ఫోటోలో చూపింది ఒక ఫ్లాటు, ఇచ్చింది ఇంకొకటి. సామాను లోపల పెట్టకండి. వీడియో కాల్ స్క్రీన్‌షాట్ చూపించి అదే ఇమ్మనండి, లేదా రేటు తగ్గించమనండి. యాప్ ద్వారా బుక్ చేసి ఉంటే అక్కడి నుంచే వాళ్ళ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

రాత్రంతా హారన్ల మోత. ఊరి మధ్యన ఇది తప్పదు. లోపలి వైపు గది అడగండి. పై అంతస్తు అయితే కొంత మేలు, కానీ లిఫ్టుకు జనరేటర్ ఉంటేనే.

ఇంటర్నెట్ పేరుకే ఉంది. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు మొదటి గంటలోనే పని చేసే బల్ల దగ్గర వేగం చూడాలి. హాల్లో రాకెట్‌లా ఉండి పడకగదిలో చచ్చిపోయే వైఫైలు ఎక్కువ.

వంట చేసే ఓపిక లేదు. రోజూ యాప్‌లో తెప్పిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. చుట్టుపక్కల మెస్సుల్లో నెలవారీ క్యారియర్ మాట్లాడుకుని, ఇంట్లో అన్నం ఒక్కటీ వండుకోండి. రోగికి ఉప్పూకారం తగ్గించిన వంట మాత్రం ఇంట్లోనే.

## 11. ఖాళీ చేసేటప్పుడు

ముందు రోజే మీటరు అంకె, కట్టాల్సిన మొత్తం ఇద్దరూ చూసుకోండి. గది వదిలే వేళ సాధారణంగా పదకొండు. రైలు మధ్యాహ్నమైతే సామాను కింద పెట్టుకోనిస్తారా అడగండి.

గిన్నెలు కడిగి, ఫ్రిజ్ ఖాళీ చేసి, చెత్త దింపేయండి. ఈ అరగంట పనికి ‘క్లీనింగ్ చార్జీ’ అని కోయకుండా ఉంటారు. ఓనరు మనిషిని పక్కన పెట్టుకుని మళ్ళీ ఒక వీడియో తీయండి. తాళాలు ఇచ్చినట్టు, డిపాజిట్ ఇంత, ఫలానా తేదీలోగా ఇస్తామన్నట్టు మెసేజ్ పెట్టించుకోండి. జీఎస్టీ బిల్లు చేతికొచ్చేదాకా కదలకండి.

ఒప్పుకున్న తేదీ దాటినా డిపాజిట్ రాకపోతే ముందు రాతలో ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. చేరిన రోజు వీడియో, వెళ్ళిన రోజు వీడియో, వాట్సాప్ సంభాషణ, బిల్లు ఈ నాలుగూ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.